క్లచ్ ప్లేటు మీద గోళ్ల రంగు

ఆ రోజు పొద్దున డౌటన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. పాత లారీని షెడ్డుకు తోలాలి, ఇంజన్ వెనక కారుతున్న ఆయిల్ ఆపించాలి, క్లచ్ ప్లేటు మార్పించాలి, సాయంత్రం ఆరులోపు షెడ్డు పక్క వీధిలోని గోదాం గేటు ముందు బండి నిలబెట్టాలి. బండి నచ్చితే ఏడాది పొడవునా సరుకు తోలే పని ఇస్తానని గోదాం ఆయన మాటిచ్చాడు. నచ్చకపోతే లారీ అమ్ముకుని ఈ వయసులో ఇంకొకడి బండికి డ్రైవరుగా కుదరాలి. ఆ సంగతి తలచుకుంటేనే అతనికి అన్నం సయించడం లేదు.

డౌటన్న అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, తోటి డ్రైవర్లు పెట్టింది. గడియారం సరిగ్గా నడుస్తోందో లేదోనని ముగ్గురిని టైమడిగి, ముగ్గురూ ఒకటే చెబితే కూడబలుక్కున్నారనుకునే రకం. కొత్త క్లచ్ ప్లేటూ ఆయిల్ సీలూ మెకానిక్‌ను కొననిస్తాడా? తానే కొని తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"ఏమండీ, నా గోళ్ల రంగు సీసా కనబడటం లేదు" అంది భార్య.

"నాకేం తెలుసు?" అన్నాడు జేబు మీద చెయ్యి వేసుకుని.

ఆవిడ ఆ చేతి వంకే చూసింది. "యాభై రెండేళ్లొచ్చాయి మీకు. గుర్తుంచుకోండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ షెడ్డు ఇద్దరు అన్నదమ్ములది. పనిలో వాళ్లకు వంక పెట్టలేం. కానీ మూడేళ్ల కిందట ఒక పానా ఎవరు పోగొట్టారన్న దగ్గర మాటామాటా పెరిగి, అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు. పని మాత్రం ఆగలేదు. విప్పేది అన్న, బిగించేది తమ్ముడు. పనికిరాని భాగం మీద అన్న ఎర్ర చుక్క పెడితే తమ్ముడు మారు మాట్లాడకుండా తుక్కులో పడేస్తాడు. ఎవరు ఏ పని పూర్తి చేసినా దాని దగ్గర సుద్దగీత గీస్తారు, గీత లేదంటే ఆ పని ఇంకా మిగిలున్నట్టే. అన్నం కూడా ఒకరి తర్వాత ఒకరు తిని వస్తారు. ఊరందరికీ తెలిసిన ఈ సంగతి డౌటన్నకు ఒక్కడికే తెలియదు, ఎందుకంటే ఊళ్లో ఎవరేం చెప్పినా అతను నమ్మడు.

"ఇంజన్ వెనక ఆయిల్ కారకుండా ఆపే సీలు పోయిందన్నా. ఆ ఆయిలే క్లచ్ ప్లేటు మీద పడి జారుతోంది" అన్నాడు అన్నదమ్ముల్లో పెద్దవాడు. "ఎలాగూ గేర్‌బాక్స్ దించాలి కాబట్టి రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి."

ఒకేసారి అన్న మాట డౌటన్నకు రుచించలేదు. ఒక పని చాటున ఇంకో పని చెయ్యడానికి ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్నాడు. అన్న ఇంజన్లో ఆయిలంతా బకెట్లోకి దించాడు, గేర్‌బాక్స్ కిందికి దించాడు, పాత ప్లేటూ సీలూ విప్పి బల్ల మీద కొత్తవాటి పక్కన పెట్టి, ఆకలికి తాళలేక చుక్కలు తర్వాత పెట్టుకుందామని భోజనానికి వెళ్లాడు. ముందే తినడానికి వెళ్లిన తమ్ముడు ఇంకా రాలేదు.

కొత్తవి దాచేసుకుని పాతవే కడిగి బిగిస్తే తనకెలా తెలుస్తుంది? డౌటన్న జేబులోంచి గోళ్ల రంగు సీసా తీశాడు. గుర్తు కోసం కొత్త ప్లేటు అంచున ఒక ఎర్ర చుక్క, కొత్త సీలు మీద ఒక ఎర్ర చుక్క పెట్టి, టైర్ల దొంతర వెనక నక్కాడు.

తమ్ముడు వచ్చాడు. బల్ల మీదవి చూసి కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత ఎర్ర చుక్కల సామాను తుక్కులోకి విసిరేసి, పాతవాటిని కడిగి బిగించడం మొదలుపెట్టాడు.

"నేననుకున్నదే అయింది" అనుకున్నాడు డౌటన్న. అప్పుడే అరిస్తే సరిపోయేది. కానీ దొంగను దొంగతనం పూర్తయ్యాకే పట్టుకోవాలని, మూడు గంటలకు అన్న తిరిగొచ్చేదాకా బిగబట్టుకుని, అప్పుడు బయటికి దూకాడు.

"పట్టపగలు మోసం! నా కొత్త ప్లేటు తుక్కులో ఉంది, పాతది బండిలో ఉంది. ఇద్దరూ కలిసే చేశారు!"

అన్న తుక్కు వైపు చూశాడు. బండి కింద చూశాడు. మూడేళ్లలో మొదటిసారి తమ్ముడి మొహంలోకి చూశాడు.

"ఒరేయ్, కొత్తది పారేసి పాతది బిగించావా? బుద్ధుందా నీకు?"

"నువ్వేగా ఎర్ర చుక్క పెట్టావు!"

"నేనా?" అన్న ప్లేటు తీసి వాసన చూశాడు. "ఇది మన రంగు కాదురా."

ఇద్దరూ డౌటన్న వైపు తిరిగారు. అతని బొటనవేలు ఎర్రగా ఉంది. ఇక దాచడానికేముంది, చెప్పేశాడు.

"కొత్త సామాను పారేస్తూ ఒక్కసారైనా నన్ను అడగాలనిపించలేదా?" అన్నాడు అన్న.

"మూడేళ్లలో నువ్వు ఒక్క చుక్క తప్పు పెట్టలేదు కదన్నయ్యా. నిన్ను అడిగేదేముంది?"

అన్న కళ్లు తుడుచుకున్నాడు. ఇద్దరూ కలిసి బండి కిందికి దూరారు. విప్పుతూ మాట్లాడుకున్నారు, బిగిస్తూ మాట్లాడుకున్నారు, అత్తగారిళ్ల సంగతులన్నీ అయ్యాయి. సుద్దముక్క ఎవరూ ముట్టుకోలేదు. ఐదున్నరకు బండి సిద్ధమైంది.

"ఒకసారి చూసుకో అన్నా" అన్నాడు తమ్ముడు డౌటన్నతో.

ఇలాంటి మనుషుల్నా అనుమానించానని డౌటన్నకు తల కొట్టేసినట్టయింది. "మీరు చేశాక చూసేదేముంది బాబూ" అని బండి ఎక్కాడు.

గోదాం ఆయన లారీ కింద తెల్ల అట్ట పరిచి పావుగంట చూశాడు. ఒక్క బొట్టు పడలేదు. డౌటన్న ఛాతీ ఉబ్బింది.

"ఇంత ముసలి బండి బొట్టు కూడా కారకపోతే నాకెందుకో తేడాగా ఉందయ్యా. బానెట్ ఎత్తు."

ఆయన ఆయిల్ కొలిచే కడ్డీ లాగి తుడిచి, మళ్లీ ముంచి లాగాడు. కడ్డీ పొడిగా ఉంది.

షెడ్డుకు ఫోన్ చేస్తే, బకెట్లోకి దించిన ఆయిల్ తిరిగి తమ్ముడు పోశాడనుకున్నానన్నాడు అన్న. అన్నయ్య పోశాడనుకున్నానన్నాడు తమ్ముడు.

"ఇంకో మైలు తోలుంటే ఇంజన్ పట్టేసేది" అన్నాడు గోదాం ఆయన. "చూసుకోకుండా బండి తీసేవాడికి నా సరుకు ఎలా అప్పగిస్తాను? ఆయిల్ పోసుకుని వెళ్లిరా."

డౌటన్న కాళ్లావేళ్లా పడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక తాను ఎవరినైనా నమ్మింది ఆ ఒక్క సాయంత్రమేనని ఒట్టేసి చెప్పాడు.

గోదాం ఆయన నమ్మలేదు.