జర సుర్ఖీ

చేవెళ్లలో గృహాలంకరణ అనే మహావిద్య ఎలా పుట్టిందో లోకానికి సరిగ్గా తెలియలేదు. యుద్ధం రోజుల్లో, బట్టకు కంట్రోలు వచ్చిన ఏడాది, అది వీరేశం సేఠ్ మిద్దె ఇంట్లో అవతరించిందని విజ్ఞులైన పాఠకులకు సవినయంగా మనవి చేస్తున్నాం. మనుషులకే ఒంటినిండా బట్ట దొరకని కాలంలో కిటికీలకు బట్ట కట్టాలన్న ఆలోచన సామాన్యులకు వచ్చేది కాదు.

వీరేశం పేరున్న వర్తకుడు. కంట్రోలు బట్టల దుకాణం తనకే రావాలని ఆయన కోరిక. ఆ కోరిక ఎంతటిదంటే, నిద్రలో కూడా చేతులు బట్ట కొలుస్తుండేవి. దుకాణం మొయినాబాద్ కిషన్‌రావుకు పోతే ఇక బంధువుల పెళ్లిళ్లలో తలెత్తుకు తిరగడం కుదరదు. ఇద్దరిదీ ఒకే వ్యాపారం, ఒకే కులం. ఒకరికి మేలు జరిగిందంటే రెండోవారికి అన్నం సయించనంత స్నేహం.

దుకాణం ఎవరికివ్వాలో తేల్చడానికి పట్నం నుంచి ఒక అధికారి తనిఖీ కోసం దౌరాకు వచ్చాడు. ఆయన హోదా ఉర్దూలో చాలా పొడుగు కావడంతో జనం కంట్రోలు సాబు అని కుదించుకున్నారు. బట్టల మూటలు పెట్టడానికి పనికొస్తుందా అని సాబు ఇల్లంతా తిరిగి చూసి, చాయ్ తాగడానికి హాల్లో కూర్చున్నాడు. మిద్దె నుంచి ఒక చుక్క జారి చాయ్‌లో పడింది. సాబు పైకి చూశాడు. కప్పులోకి చూశాడు. “మకాన్ అచ్ఛా హై సేఠ్. జర సుర్ఖీ హోనా,” అని కప్పు కింద పెట్టి, వచ్చే నెల మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

ఇల్లు బాగుంది, జరంత సుర్ఖీ కావాలన్న ఆ మాట వీరేశానికి వినగానే అర్థమైంది. సుర్ఖీ అంటే ఇటుక పొడి. సున్నంలో కలిపి గచ్చు చేస్తే మిద్దె కురవదు. ఈ సంగతి చేవెళ్లలో మేకలు కాసేవాళ్లకు కూడా తెలుసు. సరిగ్గా అందుకే ఆయనకు అనుమానం వచ్చింది. పట్నంలో చదువుకుని తెల్లటి శేర్వానీ తొడిగే మనిషి, తనలాంటివాడికి అర్థమయ్యే మాట ఎందుకంటాడు? అర్థమైనందుకు సిగ్గుపడి, వెంటనే బామ్మర్ది పరమేశ్వర్‌ను పిలిపించాడు.

పరమేశ్వర్ పట్నంలో ఉర్దూ మిడిల్ చదివి తప్పాడు. పాసైనవాళ్లంతా నౌకరీలు వెతుక్కుంటూ పోవడంతో ఊళ్లో ఉర్దూకు ఆయనే దిక్కయ్యాడు. సంగతంతా కళ్లు మూసుకుని విన్నాడు.

“ఇటుక పొడి ముచ్చట చెప్పెటందుకు అంత పెద్ద సాబు వస్తడా బావా? సుర్ఖీ అంటె ఎరుపు. జర అంటె జరంతనే. గదంత ఎర్రగ చేస్తె మోటుగుంటది. కన్ను పోయి ఆగెటట్టు ఒక్కకాడ పెట్టాలె. ఇప్పుడు పట్నంల నవాబుల దేవిడీలన్ని గట్లనే ఉన్నయి.”

వంటింటి గడపలోంచి వీరేశం భార్య వసంత అన్నది: “చాయ్‌ల నీళ్లు పడ్డయని సుర్ఖీ అన్నడు. గిండ్ల సమజ్ గానిది ఏమున్నది?”

ఆడమనిషి అజ్ఞానాన్ని బావాబామ్మర్దులిద్దరూ పెద్దమనసుతో క్షమించారు.

పని మొదలైంది. కొత్త బట్ట దొరకదు కనుక సందుకలోని పాత ధోవతులన్నీ రంగుకు వెళ్లాయి. యుద్ధం మూలాన జర్మనీ రంగులు రావడం మానేసి, ఎక్కడెక్కడి పొడులో ఆ పేరుతో చలామణి అవుతున్నాయి. రంగు పక్కాదేనా అని అడిగితే, నీళ్లు తగలనంతవరకు పక్కాయేనని రంగ్రేజు నిజాయితీగా చెప్పాడు. అంతకన్న ఏం కావాలని వీరేశం సంతోషించాడు.

హాల్లో ఆనుకునే తకియలలో ఒకటి ఎర్రనైంది. వాకిట్లో ఒక స్తంభం, పట్టెమంచానికి ఒక కోడు ఎర్రనయ్యాయి. నాలుగూ చేస్తే మోటు. దేవుడి అర్రలో కుంకుమ ఉండనే ఉన్నది కాబట్టి, ఈ విద్యలో దేవుళ్లు మనకంటే ముందున్నారని పరమేశ్వర్ మెచ్చుకున్నాడు. వంటింట్లోకి మాత్రం వసంత రానివ్వలేదు. ఇక హాల్లో మిద్దె కింద మరకలు కనపడకుండా ఈ గోడ నుంచి ఆ గోడకు ఎర్రటి చాందినీ కట్టారు. ఇది జరంత ఎలా అవుతుందని వీరేశం అడిగితే, ఆకాశంతో పోల్చుకుంటే జరంతేనని పరమేశ్వర్ సెలవిచ్చాడు. మరకలు కనిపించకుండా పోవడంతో మిద్దె బాగైనట్టే అందరికీ తోచింది.

సాబు మాట ప్రకారం చేశారని తెలిశాక ఊరు ఊరుకుంటుందా? గచ్చు గోడలున్నవాళ్లు గూళ్లకు రంగు పూశారు. గోడలే సరిగ్గా లేనివాళ్లు తలుపు గొళ్లానికి పూశారు. ముడిమ్యాల బుచ్చయ్య తన ఎద్దుకు ఒక్క కొమ్ముకే పూసి, రెండోది ఎందుకు వదిలావన్నవాళ్లను జాలిగా చూశాడు. బీరమ్మ అనే ముసలామె వీరేశం వాకిట్లో ఎర్రటి స్తంభం చూసి పోచమ్మ వెలసిందనుకుని కొబ్బరికాయ కొట్టి వెళ్లింది. వీరేశం వద్దనలేదు. దుకాణానికి ఎవరి సిఫారసు పనికొస్తుందో ఎవరు చెప్పగలరు?

సాబు రెండోసారి వచ్చిన రోజు పొద్దుటి నుంచి ముసురు. ఊరి పెద్దలంతా హాల్లో చేరారు. సాబును నడిమధ్య కూర్చోబెట్టి పరమేశ్వర్ ఉపన్యాసం అందుకున్నాడు. హుజూర్ వారి నోటి నుంచి జారిన ఒక్క మాటతో చేవెళ్ల మోటుతనం వదిలి నాగరికతలోకి అడుగుపెట్టిందని, రాబోయే తరాలు ఈ ఎరుపును చూసి పులకిస్తాయని చెబుతున్నాడు. పైన నీళ్లు చేరి చాందినీ మెల్లమెల్లగా కిందికి దిగుతోంది. అందరూ చూశారు. సాబు తల మీద ఉన్నదాన్ని ఎత్తిచూపడం బేఅదబీ అని ఎవరూ నోరు విప్పలేదు. పులకిస్తాయి అన్న దగ్గర చాందినీ చిరిగింది.

శేర్వానీలో తెలుపు జరంత మిగిలింది. సాబు మొహం తుడుచుకుని, ఈసారి పొరపాటుకు తావులేకుండా, పుస్తకంలో నేర్చుకున్న తెలుగులో చెప్పాడు: “బట్టల మూటలు తడవకూడదు, సేఠ్. కప్పుకు సుర్ఖీ చెప్పితిని. కప్పుకు.” ఆ రంగుతోనే బండెక్కాడు.

వీరేశానికి మొదటి రోజే తెలిసిన సంగతి మళ్లీ తెలిసింది. ఇటుక పొడేనని ఒక్క మాట అంటే పోయేది. చుట్టూ చూస్తే తన మాట మీద గూళ్లు, గొళ్లాలు, కొమ్ములు ఎర్రగా చేసుకున్నవాళ్లంతా తన మొహమే చూస్తున్నారు. వాళ్లముందు ఆ మాట అనే ధైర్యం ఆయనకు లేకపోయింది. పరమేశ్వర్ వైపు చూశాడు.

“మూటల మాట మర్యాదకన్నడు. అసలు మాట ఆఖరికొస్తది,” అన్నాడు పరమేశ్వర్. “మనం మిద్దె అంటం. సాబు మిద్దె అన్నడా? కప్పన్నడు. అప్పుడు కూడ చాయ్ కప్పులకె చూసిండు, మర్చిపోయినవా బావా?”

హాలంతా ఊపిరి పీల్చుకుంది. బేగంబజారు నుంచి ఎర్ర పింగాణీ కప్పులు వచ్చాయి. వీరేశం వాటిలో చాయ్ తాగుతూ హుకుం కోసం ఎదురుచూశాడు.

దుకాణం మొయినాబాద్ కిషన్‌రావుకు వచ్చింది. కిషన్‌రావు ఇంట్లో కళ లేదు, రంగు లేదు. పెంకుల ఇల్లు, కురవదు, అంతే. వసంతకు చీర తేవడానికి వీరేశం మొయినాబాద్‌లో అందరితోపాటు వరసలో నిలబడ్డాడు. కిషన్‌రావు లేచి వచ్చి ఆరోగ్యం ఎట్లున్నదని అడిగాడు. తిట్టినా బాగుండేది. వీరేశానికి ఏడుపొచ్చింది కాని, వరస వదిలితే చీర పోతుందని నిలబడే ఉన్నాడు.

ఆయన ఆ ఊళ్లో నిలబడ్డ రోజునే వసంత ఎవరినీ అడగకుండా మేస్త్రీని పిలిపించి, సున్నంలో ఇటుక పొడి కలిపించి, వంటింటి మీద గచ్చు చేయించింది. దాంతో ఆ వానాకాలం చేవెళ్లలో పెద్దమనుషులు తడవకుండా కూర్చునే చోటు ఆ వంటిల్లొక్కటే అయింది. మడి సంగతి వానల తర్వాత చూసుకోవచ్చని అందరూ అక్కడే చేరి, సాబు మాటలోని గూఢార్థం గురించి రోజూ చర్చించేవారు. కప్పు కాదు, సాసరేమోనన్న వాదం కూడా కొంతకాలం బలంగా నడిచింది. చివరికి పరమేశ్వర్ అధ్యక్షతన, సుర్ఖీ అంటే ఏమైనా కావచ్చు కాని ఇటుక పొడి మాత్రం కాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. వీరేశం అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

“జర జరుగుండ్రి, పొయ్యికాడికి పోవాలె,” అన్నది వసంత.

అందరూ సర్దుకుని జరిగారు. ఆ జరిగిన చోట్లోనే, విజ్ఞులైన పాఠకులారా, మనం కూడా తడవకుండా కూర్చుని చెయ్యెత్తాం.