పల్చగా వచ్చిన మావయ్యగారు

ఆ రోజుతో సూరమ్మగారికి ఎనభై ఏళ్ళు నిండుతాయి. ఆవిడ అల్లుడు ఫిన్నీ, రిటైరైన డ్రాయింగు మాస్టారు, పొద్దున్నే ఒక పథకం వేసుకున్నాడు. భార్య రెబెక్కా కేకు తేవడానికి భీమవరం వెళ్ళి వచ్చేలోగా, నరసాపురంలోని తమ ఇంటి బాత్‌రూములో రహస్యంగా మావగారి ఫొటో ఒకటి కడగాలి. ఆ మావగారు, యెహెజ్కేలుగారు, పోయి పదేళ్ళయింది. ఉన్న ఫొటోలన్నీ వరదనీళ్ళలో నానిపోయాయి. మొన్న ట్రంకుపెట్టె అడుగున, ఎప్పుడూ ప్రింటు వేయించని నెగటివ్ ఒకే ఒక్కటి దొరికింది. జనాన్ని గోదావరి దాటించే పంటు మీద ముందు సూరమ్మగారు, వెనకాల ఆయన.

చిక్కల్లా ఆయన ముఖంతోనే. తెల్లటి ఎండలో గోదావరి నీళ్ళకీ ఆ ముఖానికీ తేడా తెలియడం లేదు. ఫిన్నీ దగ్గర రంగు ఫిల్టర్లున్నాయి. నెగటివ్‌ని పెద్దది చేసి పేపరు మీద వేసే ఎన్‌లార్జరు దీపానికి పసుపుది అడ్డం పెడితే బొమ్మ మెత్తగా వస్తుంది. గులాబీది పెడితే నలుపూ తెలుపూ గట్టిగా విడిపోతాయి. ఫొటో పేపరు మూడే షీట్లు మిగిలాయి. పెద్దాయన మెత్తగా కనిపిస్తే బాగుంటుందని ముందు పసుపు పెట్టాడు.

పని చేస్తూ పైకి మాట్లాడుకోవడం అతని అలవాటు. "ఛ! పల్చగా వచ్చింది. అంతా పసుపు వల్లే!"

తలుపు బయట సూరమ్మగారు ఠక్కున ఆగిపోయారు. రాత్రి చేపల పులుసు వండింది ఆవిడే. అందులో పసుపు రెండు చెంచాలు ఎక్కువ పడిన సంగతి ఆవిడకొక్కరికే తెలుసు.

"బాబూ, ఒంట్లో ఎలా ఉందండి?"

"నాకేమండి అత్తయ్యగారూ! ఇప్పుడు తలుపు తీస్తే మాత్రం మొత్తం పాడైపోద్దండి!"

ఆవిడ గాభరాగా పక్కింటి మాణిక్యాంబను కేకేశారు. మాణిక్యాంబ మజ్జిగ గ్లాసుతో వచ్చేసరికి లోపల రెండో షీటు, లేత గులాబీతో, అయిపోయింది.

"కాస్త గట్టిపడింది. చాల్లేదు. ముదురు గులాబీ వెయ్యాలి."

"గులాబీరంగు బిళ్ళలండి సూరమ్మగారూ! మా ఆయనకీ అవే పనిచేశాయి," అంటూ మాణిక్యాంబ ఆర్‌ఎంపీ డాక్టరు పల్లంరాజుగారికి ఫోను కొట్టింది. ఆయన సంచీతోనూ, దారిలో కలిసిన మరో ఇద్దరితోనూ దిగారు.

లోపల ఆఖరి షీటు. ఎర్రబల్బు వెలుగులో ముందు మీసం తేలింది, తర్వాత కళ్ళు. ఫిన్నీ ఆనందం పట్టలేకపోయాడు.

"నల్లగా వస్తోంది! అమ్మయ్య, నల్లగా వస్తోంది!"

పల్లంరాజుగారు కంగారుపడ్డారు. "నల్లగానా? లోపల రక్తం పోతోందండి! తలుపు పగలగొట్టండి!"

మూడో గుద్దుకి గడియ ఊడిపడింది. ఫొటో అప్పుడే, బొమ్మ చెరగకుండా నిలిపే హైపో మందు ట్రేలోకి చేరింది. వెలుతురు పడకుండా ఫిన్నీ ట్రే మీద బోర్లా వాలిపోయాడు.

"నా పులుసే బాబూ! నా పులుసే మీ ప్రాణం మీదికి తెచ్చింది!" సూరమ్మగారు ఏడుస్తూ అతని వీపు పట్టుకున్నారు.

"రెండు నిమిషాలండి అత్తయ్యగారూ. కదపకండి, మావయ్యగారున్నారు."

అందరూ నోళ్ళు తెరిచారు. రెండు నిమిషాలయ్యాక అతను లేచి, తడి ఫొటోని రెండు చేతులా ఎత్తి చూపించాడు. చొక్కా అంతా హైపో కంపు.

సూరమ్మగారు కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"నవ్వుతున్నారేంటండి ఈయన?" అన్నారు చివరికి. "ఆ రోజు పంటెక్కే ముందు దెబ్బలాడుకున్నాం బాబూ. అవతలి ఒడ్డుదాకా నేను వెనక్కి తిరిగి చూళ్ళేదు. కోపంగానే ఉన్నారనుకున్నాను ఇన్నేళ్ళూ."

ఫిన్నీ ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. మాణిక్యాంబ తెచ్చిన మజ్జిగ తనే తాగేసింది.

పిలిచిన ఇంటినుంచి ఊరికే వెళ్ళడం అలవాటు లేని పల్లంరాజుగారు ఫిన్నీకి ఒక ఇంజెక్షన్ చేసి మరీ వెళ్ళారు.