హమారా మండల్ షిప్

మా జిల్లాకు సముద్రం లేదన్న అపవాదు గత కార్తీకంలో అధికారికంగా తొలగిపోయింది. ఇచ్చోడ నుంచి అడవి దారిలో పద్నాలుగు కిలోమీటర్లు లోపలికి వెళ్తే తగిలే నీలగొంది చెరువును ఇకమీదట అంతర్గత సముద్రంగా పరిగణించాలని జిల్లా నౌకా వారసత్వ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానం రాసింది నేనే. రిటైరైన తెలుగు పంతులుని, కమిటీ కార్యదర్శిని. చేతిరాత బాగుంటుందని తీసుకున్నారు, అభిప్రాయాలు బాగుంటాయని కాదు.

కమిటీ అధ్యక్షులు సుదర్శన్‌రావు గారు. చెరువు కింద ఎగువన నలభై ఎకరాలు, నాలుగు బోర్లు ఉన్న పెద్దమనిషి. అంతకు ముందు వేసవిలో పది రోజుల టూరు ప్యాకేజీలో లండన్ వెళ్లి, అక్కడి మ్యూజియంలో ఒక పాత తెరచాప ఓడను చూసి, దాని ముందు ఇరవై ఏడు ఫొటోలు దిగి వచ్చారు. వచ్చిన నాటి నుంచి మనిషి మనిషిలా లేరు. ఇంటి మిద్దెను పై డెక్కు అన్నారు. వంటింటిని గ్యాలీ అన్నారు. బంగారు రంగు జరీ అంచు ఉన్న మూడు మూలల టోపీ ఒకటి కొని తెచ్చుకుని, పెళ్లిళ్లకూ దినాలకూ కూడా దాన్నే పెట్టుకుని తిరిగారు. మా దగ్గర నలభై ఎకరాల మనిషి ఏ టోపీ పెట్టుకున్నా అది ఆయనకు నప్పుతుంది.

ఆ ఇరవై ఏడు ఫొటోల్లో ఒకటి మ్యూజియంలోని బోర్డు ఫొటో. తెల్లవాళ్ల తెరచాప ఓడల్లో పనిచేసిన భారతీయ నావికులను లాస్కర్లు అనేవారని ఆ బోర్డు మీద రాసి ఉంది. సుదర్శన్‌రావు గారికి అక్కడే, ఆ బోర్డు ముందే, ఒళ్లు జలదరించిందట. ఎందుకంటే లష్కర్ అన్న మాట మా వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు. చెరువు తూము ఎత్తి దించేవాడు, కాలువ వెంట తిరిగి గండ్లు చూసుకునేవాడు, ఇరిగేషన్ శాఖలో అందరికన్నా కింద ఉండేవాడు లష్కర్.

మొదటి సమావేశంలో అధ్యక్షుల వారి ప్రసంగాన్ని యథాతథంగా రాసుకున్నాను.

"రెండొందల ఏండ్ల కింద తెల్లదొరలు దునియా మొత్తం తిరిగిన్రు. ఎవరి రెక్కల మీద తిరిగిన్రు? లష్కర్ల రెక్కల మీద. లష్కర్లు ఎక్కడుంటరు? ఇరిగేషన్ల ఉంటరు. ఇరిగేషన్ ఎక్కడుంటది? మన దగ్గరుంటది. అంటే బ్రిటిష్ నౌకాదళం ఎక్కడ పుట్టింది?"

నీలగొందిలో పుట్టిందని సభ్యులు చప్పట్లతో ఒప్పుకున్నారు. అయినా శాస్త్రీయంగా ఉండాలని ఇరిగేషన్ ఈఈ విద్యాధర్ గారి అభిప్రాయం కోరాం. ఆయన పదిహేను రోజులు పరిశీలించి లిఖితపూర్వకంగా జవాబిచ్చారు. ఆ కాలపు సర్వీసు రిజిస్టర్లు కార్యాలయంలో అందుబాటులో లేనందున, సదరు లష్కర్లు ఈ శాఖ నుంచి డిప్యుటేషన్‌పై సముద్రానికి వెళ్లలేదని చెప్పడానికి ఆధారాలేవీ లేవన్నారు. ఇంతకన్నా గట్టి రుజువు ఏ చరిత్రకారుడికి దొరుకుతుంది?

ఆ బోర్డు కింది సగం మాత్రం ఫొటోలో లేదు. అధ్యక్షుల వారి బొటనవేలు అడ్డం వచ్చింది. లాస్కర్లకు తెల్ల నావికుల కన్నా ఎంత తక్కువ జీతం ఇచ్చేవారో, ఎంత తక్కువ తిండి పెట్టేవారో, సరుకు దిగాక లండన్ చలిలో వీధుల పాలు చేసి ఎలా వదిలేసేవారో తర్వాత నేను పుస్తకాల్లో చదివాను. కమిటీకి చెప్పలేదు. ఎజెండాలో లేదు.

నీలగొంది లష్కర్ పేరు నాగయ్య. పదకొండేళ్లుగా ఔట్‌సోర్సింగ్‌లో తూము కాస్తున్నాడు. అతనికి శాలువా కప్పి, జిల్లా ప్రథమ నావికుడని బిరుదిచ్చి, రెండు మాటలు మాట్లాడమన్నాం. నాగయ్య మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"సార్, నేను నీళ్లు ఇడిసెటోన్ని. నీళ్ల మీద పోయెటోన్ని కాదు. నాకు ఈతనే రాదు."

ఆ కాలంలో చాలామంది బ్రిటిష్ నావికులకు కూడా ఈత రాదని సుదర్శన్‌రావు గారు సభకు వివరించారు. నాగయ్య అసలైన వారసుడని దాంతో ఇంకా స్పష్టమైంది.

తర్వాత ఓడ కట్టాం. అడుగున రెండు వందల ఖాళీ డ్రమ్ములు, వాటి మీద మా అడవి టేకు, స్తంభాలుగా మూడు పాత కరెంటు పోళ్లు. తెరచాపలకు భైంసా పత్తి మండీ నుంచి బేళ్ల మీద కప్పే తాడిపత్రులు వచ్చాయి. నీళ్ల పైపులకు నల్లరంగు వేసి రెండు వైపులా ఎనిమిదేసి ఫిరంగులు పెట్టాం. తెల్లవాళ్లు ఓడ ముక్కు దగ్గర ఒక స్త్రీమూర్తిని చెక్కించేవారు. మన సంస్కృతికి అది తగదని, ఆ చోట అధ్యక్షుల వారి బొమ్మనే చెక్కించాం. మీసం మరీ పొడుగై నీటికి తగులుతుంటే వడ్రంగి కొంచెం కోశాడు.

పేరు దగ్గర చిన్న చిక్కొచ్చింది. హెచ్.ఎం.ఎస్. నీలగొంది అని రాయగానే, అది హిజ్ మెజెస్టీస్ షిప్ అనీ, అందులో ఇంగ్లండు రాజుగారున్నారనీ ఒక సభ్యుడు దేశభక్తితో అభ్యంతరం చెప్పాడు. హెచ్.ఎం.ఎస్. అంటే హమారా మండల్ షిప్ అని సుదర్శన్‌రావు గారు రూలింగ్ ఇచ్చారు. చర్చ ముగిసింది.

ఇక నావికులు కావాలి. బ్రిటిష్ వాళ్లు రేవుల్లో కర్రలు పట్టుకుని తిరిగి, దొరికినవాణ్ని దొరికినట్టు ఓడలోకి ఈడ్చుకుపోయేవారు. మేం అంత మోటుగా ప్రవర్తించలేదు. ఉపాధి హామీ కూలీల వాట్సాప్ గ్రూపులో, రాకుంటే మస్టర్‌లో హాజరు పడదని ఒక్క మెసేజ్ పెట్టాం. నలభై మంది స్వచ్ఛందంగా వచ్చారు. సముద్రయానంలో పళ్లూడే జబ్బు రాకుండా ఒక్కొక్కరికి నిమ్మకాయ ఇచ్చాం. తెల్ల నావికుల రమ్ముకు బదులు కల్లు పోయాలన్న సవరణ మాత్రం ఏ చర్చా లేకుండా పాసైంది.

అన్నీ కుదిరాక చుక్కాని చక్రం మరిచిపోయామని తెలిసింది. సినిమాల్లో చూపించే పెద్ద గుండ్రటి చక్రం. అది లేకుంటే ఫొటోల్లో ఓడలా కనిపించదు. వెతకగా వెతకగా అచ్చం అలాంటి ఇనుప చక్రం ఊళ్లోనే దొరికింది. చెరువు తూము మీద ఉంది. విద్యాధర్ గారు తాత్కాలిక బదలాయింపు కింద దాన్ని విప్పించి ఓడకు బిగించారు. ఆ చక్రం తిప్పితేనే తూము లేస్తుంది. అయినా ఇబ్బంది లేదన్నారు. ఓడ తేలాలంటే చెరువులో నీళ్లుండాలి, నీళ్లుండాలంటే తూము లేవకూడదు, లేవని తూముకు చక్రమెందుకని ఆయన వేసిన సాంకేతిక ప్రశ్నను మినిట్స్‌లో ఎక్కించాను. ఓడ అడుగు నేలకు తగలకుండా రెండు అంగుళాల మార్జిన్ ఉందని నివేదిక కూడా ఇచ్చారు.

అప్పుడు యాసంగి వరి పొట్ట మీదుంది. ప్రారంభోత్సవం ఫిబ్రవరి ఆఖర్లో అనుకున్నాం. ముఖ్య అతిథికి తీరిక లేక వారం వెనక్కి జరిగింది. తర్వాత ఇంకో పది రోజులు జరిగింది. ముచ్చటగా మూడోసారి కూడా జరిగింది. ఎగువ రైతులు బోర్లు వేసుకుని నెట్టుకొచ్చారు. చివరి ఆయకట్టులో బోర్లు పడవు. అక్కడ అరవై మూడు మంది రైతులు. వరి పాలు పోసుకునే సమయానికి మళ్లు నెర్రెలిచ్చాయి.

నాగయ్య ప్రతి సమావేశానికీ వచ్చేవాడు. నావికుడి డ్రెస్సులో రావాలని నియమం కనుక ఆ నీలం చారల బనీనులోనే వచ్చేవాడు. ప్రతిసారీ ఒకటే మాట.

"సార్, ఒక్క తడి. రెండు దినాలు తూము లేపితే గింజ గట్టిపడ్తది. మీ ఓడకు మళ్ల నీళ్లు నింపుకుందురు గని. గా చక్రం జర ఇయ్యుండ్రి."

ప్రథమ నావికుడు జల వనరుల ప్రాముఖ్యంపై ప్రసంగించారని నేను మినిట్స్‌లో రాసేవాణ్ని. ఒకసారి అతని అక్క సత్తమ్మ కూడా వెంట వచ్చింది. కాలువ చివరి తూము కింద ఆమెకు ఎకరంన్నర. మగడు పోయాక ఆ ఎకరంన్నరే ఆమెకు దిక్కు. కొంగులోంచి ఒక వరి కంకి తీసి టేబుల్ మీద పెట్టింది.

"నలిపి చూడు పంతులూ. సగం తాలే ఉన్నది. పాలు లెవ్వు."

నేను నలిపాను. నిజంగానే సగం తాలు. నాకూ అక్కడే రెండెకరాలున్నాయి కనుక చేతికి ఇంకా బాగా తెలిసింది. సిగ్గేసింది. ఆ వాక్యం మినిట్స్‌లో లేదు. సుదర్శన్‌రావు గారు మాత్రం టోపీ సర్దుకుని, "సముద్రం మీద యుద్ధం జేసెటోళ్లు ఎంత మంది సచ్చిపోయిన్రో ఎరుకనా అవ్వా? చరిత్ర ఊకెనే రాదు," అని ఓదార్చారు. ఆమె కంకిని మళ్లీ కొంగులో ముడేసుకుని వెళ్లిపోయింది.

చివరికి మార్చి నాలుగో వారంలో ఉదయం పది గంటలకు ఓడ కదిలింది. నలభై మంది తాళ్లు పట్టి లాగగా కట్ట నుంచి అరవై గజాలు ప్రయాణించి లంగరు వేసింది. డెక్కు మీద ముఖ్య అతిథి, అధ్యక్షుల వారు, విద్యాధర్ గారు, మరో ఇరవై మంది పెద్దలు, నేను. చక్రం దగ్గర నాగయ్య. ఉపన్యాసాలు మొదలయ్యాయి.

రెండో ఉపన్యాసం నడుస్తుండగా నాగయ్య బనీనులోంచి పానా తీశాడు. అందరూ చూస్తుండగానే బోల్టులు ఒక్కొక్కటే విప్పాడు. అది కార్యక్రమంలో భాగమనుకుని బ్యాండువాళ్లు డప్పు అందుకున్నారు. ముఖ్య అతిథి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నాగయ్య చక్రాన్ని భుజానికెత్తుకుని, మైకుసెట్టు తెచ్చిన చేపలవాళ్ల థర్మకోల్ తెప్ప మీదికి దిగాడు. ఈత రాని మనిషి, భుజాన ఇనుము, కింద రెండు మూరల తెప్ప. అతను అరచేతులతో నీళ్లు నెట్టుకుంటూ కట్ట చేరాడు. తూము దగ్గర చక్రం బిగించాడు. తిప్పాడు.

ఉపన్యాసాలు తొమ్మిది కావడం వల్ల నీళ్లు దిగడం మాకు వెంటనే తెలియలేదు. ఎనిమిదో ఆయన మన నౌక ప్రపంచ వేదికపై తేలుతోందని అంటుండగా ఓడ ఒక్కసారి మూలిగి ఎడమవైపు ఒరిగింది. రెండు అంగుళాలు వెళ్లిపోయాయి. చుట్టూ మోకాలి లోతు బురదనీళ్లు.

చేపలవాళ్లు తెప్పను మళ్లీ తెచ్చారు కానీ దాని మీద ఒక్కసారికి ఒక్కరికే చోటు. ఎవరు ముందు దిగాలన్నది ప్రోటోకాల్ సమస్య కాలేదు, ఎవరు చివర దిగాలన్నదే అయింది. మునిగే ఓడను కెప్టెన్ అందరికన్నా ఆఖరున వదలాలని బ్రిటిష్ సంప్రదాయం. ఈ సంగతి ఆరు నెలలుగా మాకు ప్రతి సమావేశంలో చెప్పిన సుదర్శన్‌రావు గారు ఒక క్షణం ఆలోచించి, తన మూడు మూలల టోపీ తీసి నా నెత్తిన పెట్టి తెప్ప ఎక్కారు. అలా నేను సాయంత్రం దాకా కెప్టెన్‌ని. ఎత్తు మీద ఉన్నాను కనుక కాలువ మొత్తం కనిపించింది. నీళ్లు ఎగువ మళ్లు దాటి, మా రెండెకరాలు దాటి, సత్తమ్మ ఎకరంన్నరలోకి వెళ్లడం చూశాను. జీవితంలో నేను ఎక్కిన ఓడ అదొక్కటే, అంత సంతోషమూ ఎప్పుడూ కలగలేదు.

మర్నాడు నాగయ్యకు మెమో వెళ్లింది. కమిటీ అతన్ని నావికుడిగా గుర్తించినందున నేరాలు కూడా నౌకా సంప్రదాయం ప్రకారమే పెట్టాం. ఒకటి, ఓడ విడిచి పరారీ. రెండు, ప్రయాణంలో తిరుగుబాటు. తెల్లవాళ్లైతే ఇందుకు తొమ్మిది తోకల కొరడాతో వీపు చీరేవారు, కాదంటే ఉరి తీసేవారు. మన శాఖ దయగలది. ఉద్యోగం మాత్రమే తీసేసింది. సంజాయిషీలో నాగయ్య ఒకటే వాక్యం చెప్పాడు.

"తూము లేపుడు నా డ్యూటీ సార్. గదే చేసిన."

సంజాయిషీ సంతృప్తికరంగా లేదని రాసిన చేతిరాత కూడా నాదే.

తాలు పోను మిగిలిన పంట మాత్రం బంగారంలా పండింది. అరవై మూడు మందీ కొనుగోలు కేంద్రం దగ్గర వడ్ల కుప్పలు పోసుకుని, నాగయ్యను మళ్లీ పనిలోకి తీసుకోవాలని అర్జీ పెట్టాలనుకున్నారు. అర్జీ నేను రాశాను, ఈసారి మనసు పెట్టి రాశాను. సంతకాల దగ్గర ఆగింది. మొదట పెట్టినవాడు సుదర్శన్‌రావు గారి కంట్లో పడతాడు. అప్పుడు నేను చదివిన ఒక సంగతి చెప్పాను. ఓడ కెప్టెన్ మీద ఫిర్యాదు రాసేటప్పుడు తెల్ల నావికులు వరసగా కాక గుండ్రంగా, బండి చక్రం ఆకుల్లా సంతకాలు పెట్టేవారు. ఎవరు ముందు పెట్టారో ఎవరికీ తెలియదు.

అందరికీ తెగ నచ్చింది. "గుండ్రంగ ఉంటె మొదలెక్కడిది, కొసెక్కడిది. ఇంకేం ఫికర్," అన్నాడు హరీష్ అనే రైతు. తెల్లోడి తెలివే తెలివని మిగతావాళ్లు మెచ్చుకున్నారు. నేను పళ్లెం బోర్లించి కాగితం మీద చక్కగా వలయం గీశాను. సత్తమ్మ వచ్చి వేలిముద్ర వేసి, వేలు కొంగుకు తుడుచుకుని వెళ్లింది. మిగతావాళ్లు తూకం అయ్యాక పెడతామన్నారు.

తూకం అయి మూడు నెలలైంది. వలయంలో వేలిముద్ర ఒక్కటే ఉంది, కనుక ముందు ఎవరు పెట్టారో ఎవరికైనా తెలుస్తుంది. నేను పెట్టలేదు. కార్యదర్శిని కదా, నిష్పక్షపాతంగా ఉండాలి. మీరు ఇంతసేపూ మా ఊరిని చూసి హాయిగా నవ్వుకున్నారు, మీకు నీలగొంది చెరువు కింద పొలమూ లేదు, సుదర్శన్‌రావు గారితో పనీ లేదు. కాగితం నా దగ్గరే ఉంది, చుట్టూ బోలెడు చోటుంది. ముందు మీరు పెట్టండి, మీ పక్కన నేను పెడతాను.