తడిసిన పొడి

మనిషి నాగరికతను అతని చెత్తబుట్టను బట్టే నిర్ణయించాలని 1996లో ఢిల్లీలోని మా సర్కారీ కాలనీ చెత్త విభజన ఉపసమితి ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ వారమే ఇంటింటికీ రెండేసి డబ్బాలు వచ్చాయి. ఆకుపచ్చది 'గీలా'కి, నీలంది 'సూఖా'కి. (రెండూ వెళ్ళేది ఒకే లారీలోకి. లారీ వేరే శాఖది కనక ఆ విషయం ఉపసమితి పరిధిలోకి రాదు.)

కాలనీలోని పదకొండు తెలుగు కుటుంబాల కోసం నియమావళిని తెలుగు చేసే పని మా ఎదురింటి సెక్షన్ ఆఫీసరు భీమేశ్వరరావుగారి మీద పడింది. ఆయన గీలా అంటే తడి, సూఖా అంటే పొడి అని రాసి, బేర్ సరాయ్‌లో జిరాక్సు తీయించి పంచారు. వాళ్ళావిడ అన్నపూర్ణేశ్వరిగారు అది శ్రద్ధగా చదివి, డికాక్షన్ దిగాక ఫిల్టరులో మిగిలిన కాఫీ పొడిని నీలం డబ్బాలో వేశారు.

మూడోనాడు చెత్త ఇన్‌స్పెక్టరు ఓంవీర్‌గారు వచ్చి, నియమం 7 ప్రకారం డబ్బాలో వేలు పెట్టి చూశారు.

"భాభీజీ, యే తో గీలా హై!"

"గీలా ఏంటి భయ్యా? కాఫీ పొడి పొడి కాదూ? మావారే రాశారు, దేఖో!"

దుబాసీగా నన్ను పిలిచారు. మా భాషలో పొడి అంటే సూఖా అనీ, పౌడరు అనీ కూడా అర్థమని చెప్పాను. ఓంవీర్‌గారు 'రెండర్థాల చెత్త' అని రాసుకుని, సంగతి తేలేదాకా ఆ ఇంటి కాఫీ చెత్త ఎత్తకూడదని ఉత్తర్వు వేశారు.

పది రోజుల్లో బాల్కనీలో కాఫీ చెత్త వేసే బకెట్టు నిండి బూజు పట్టింది. అన్నపూర్ణేశ్వరిగారు ఫిల్టరు కడిగి అటకెక్కించేశారు.

"అన్నపూర్ణా, ఒక్క గ్లాసు..."

"కాఫీ పొడి తడి చెత్త అని ఆ కాగితంలో ఒక్క ముక్క చేర్చండి, ఇప్పుడే పెడతాను."

"హిందీలో లేని ముక్క తెలుగులో చేరుస్తానుటే? అది అనువాదమవుతుందా?"

ఇరవై ఆరేళ్ళుగా కాఫీ పడితే గాని నోరు పెగలని మనిషి. ఫైలు పెట్టారు. ఉపసమితివాళ్ళు కాఫీ చెత్త నమూనా సీసాలో పంపమన్నారు. అది తడి విభాగానికి చేరేసరికి ఎండిపోయింది. పొడి విభాగానికి పంపితే దారిలో వాన పడింది.

కాఫీ లేక తలనొప్పి పట్టుకుని, ఆయన తలకి తువ్వాలు బిగించి ఆఫీసుకెళ్ళేవారు. మా ఇంట్లో తాగండి మహాప్రభో అంటే, "అప్పుడు నా చెత్త మీ డబ్బాలో పడుతుంది. నియమం 12 ఒప్పుకోదండీ," అన్నారు. జాలిపడాలో, నాలుగు తగిలించాలో తెలియలేదు.

ఎనిమిదో నెలలో ఉపసమితి జవాబు అందరి గుమ్మాలకూ వచ్చింది.

"సదరు గృహం నుండి గత ఏడు నెలలుగా కాఫీ చెత్త రానందున సమస్య పరిష్కారమైనట్లు భావించి ఫైలు మూసివేయడమైనది. ఇదే విధానాన్ని అన్నం, కూరల విషయంలో కూడా పాటించవలసిందిగా కాలనీవాసులందరినీ కోరడమైనది."