చివరగా ఎక్కినవారు దయచేసి దిగండి

హలో, వినపడుతోందా? సిగ్నల్ సరిగ్గా లేనివాళ్లు కాస్త కిటికీ దగ్గరకి జరగండి. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చినవాళ్లు దించేసి రండి, నేను ఆగుతాను. ఇవాళ మీకో మోటారు సంగతి చెప్పాలి.

మాకు తెలిసిన లిఫ్టు మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. అందరూ లిఫ్టు మాస్టారు అంటారు. ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్లందర్నీ పైకి పంపించాడు గానీ, తను మాత్రం ఎక్కడ మొదలయ్యాడో అక్కడే ఉన్నాడని వాళ్లావిడ అంటుంది.

వారంలో ఆరు రోజులు ఆయన చెవుల్లో అలారం గంటలు, మధ్యలో ఇరుక్కున్నవాళ్ల కేకలు. ఏడో రోజు చిన్న పడవ వేసుకుని చెరువులోకి వెళ్లి గాలం వేస్తాడు. చేపలు పడేది అంతంతమాత్రం. ఆయన వెళ్లేది నిశ్శబ్దం కోసం.

ఆ నిశ్శబ్దానికి ఒకటే చిల్లు. బావమరిది. ఆయన్ని నాన్‌స్టాప్ అంటారు. నోరు తెరిచాడంటే మరి మధ్యలో స్టాపులుండవు. రాత్రి వచ్చిన కల గురించి, ఆ కలలో తను ఎవరితో ఏమన్నాడో దాని గురించి, మధ్యాహ్నం దాకా చెబుతాడు. చేపలన్నీ అవతలి గట్టుకి కాపురం మార్చేశాయని మాస్టారి అనుమానం.

వద్దందామంటే ఇంట్లో ఆర్డరు. ఈత రాని మనిషి ఒంటరిగా నీళ్లమీదకి వెళ్లకూడదు. లైఫ్ జాకెట్టు ఉంది కదా అన్నా ఆవిడ వినదు. మీ తమ్ముడికి మాత్రం ఈత వచ్చా అని మాస్టారు ఒకసారి లాయర్‌లా అడిగాడు.

"రాదు. కానీ వాడికి అరవడం వచ్చు కదండీ."

ఆ కేసు అక్కడితో కొట్టేశారు.

ఇంతలో తెడ్లు వేసీ వేసీ మాస్టారి భుజం పట్టేసింది. ఆవిడే జాలిపడి, పడవకి కరెంటు మోటారు కొనుక్కోమంది. కాకపోతే నమ్మకమైనది చూసి తెమ్మంది. చెరువు మధ్యలో ఆగిపోతే మీతోపాటు మా తమ్ముడూ చిక్కుకుంటాడని జాగ్రత్త చెప్పింది. ఆ దృశ్యం కళ్లముందు కదిలేసరికి మాస్టారికి రెండో భుజం కూడా నొప్పెట్టింది. ఆ నొప్పిలోంచే ఐడియా పుట్టింది.

పడవల షాపులో మోటార్లు వరసగా వేలాడుతున్నాయి. చేపలకి వినపడనంత మెత్తగా పడవని తోసే రకం. షాపాయన పడవ బరువెంత, ఎంతమంది ఎక్కుతారు అని అడిగాడు. ఒక్కణ్ణే అన్నాడు మాస్టారు. అయినా ఇద్దరి బరువు లాగేది తీసుకుంటే నమ్మకంగా ఉంటుందన్నాడు షాపాయన.

"ఇద్దర్నీ లాగితే ఇంకేం నమ్మకమండీ? ఒక్కణ్ణి నమ్మకంగా మొయ్యాలి. రెండోవాడు కాలు పెట్టగానే నమ్మకంగా ఆగిపోవాలి. అలాంటిది చూపించండి."

షాపాయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. మాస్టారు ఇంకా అక్కడే ఉన్నాడు.

"ఆగిపోయేదే కావాలంటే పక్క షాపుకి వెళ్లండి సార్. వాళ్ల దగ్గర అన్నీ అవే."

చివరికి మాస్టారు షాపులోకల్లా గట్టిదే కొన్నాడు. రిమోటు కూడా ఉంది, నొక్కితే పడవ చెప్పినట్టు వింటుంది. ఇంట్లో తన మాట వినే వస్తువు అదొక్కటే కాబట్టి దాన్ని మెడలో వేసుకుని తిరిగాడు. ఆగిపోయే సంగతి తన చేతుల్లోకి తీసుకున్నాడు.

పాత లిఫ్టులోంచి విప్పిన బరువు చూసే పెట్టె ఒకటి ఆయన షెడ్డులో ఉంది. దాన్ని పడవ పలక కింద బిగించి మోటారుకి కలిపాడు. తన బరువు డెబ్బై నాలుగు కిలోలు, సామాను ఆరు. ఎనభై దాటితే మోటారు బంద్. నీళ్లు పోకుండా చుట్టూ స్క్రూలు బిగించి సీలు వేశాడు. ఆ పెట్టెలోనే లిఫ్టులో మాట్లాడే అమ్మాయి గొంతు కూడా ఉంది. విడదీస్తే పెట్టె పనిచెయ్యదు. సరే, ఆవిడనీ రానిచ్చాడు.

ఆదివారం పొద్దున నాన్‌స్టాప్ కల చెబుతూనే పడవెక్కాడు. గంట మోగింది.

"బరువు ఎక్కువైంది. చివరగా ఎక్కినవారు దయచేసి దిగండి."

నాన్‌స్టాప్ జన్మలో మొదటిసారి మాట మధ్యలో ఆపాడు. దిగాడు. గంట ఆగింది. మాస్టారు మొహాన్ని వీలైనంత దిగులుగా పెట్టి, కంపెనీవాళ్ల సేఫ్టీ, మన చేతుల్లో ఏముందన్నాడు. తర్వాత రిమోటు నొక్కాడు. తలుపులు మూసుకుంటున్నాయని చెప్పి, తలుపులే లేని ఆ పడవ చెరువులోకి సాగిపోయింది. ఆ పూట ఆయనకి వినపడిందల్లా నీళ్ల చప్పుడు. ఒక్క చేప పడలేదు. మహారాజులా తిరిగొచ్చాడు.

ఇంట్లో గొడవ జరుగుతుందనుకున్నాడు. ఆవిడ తమ్ముడి నోట విషయమంతా విని, మోటారు మాట కాదనలేం కదా అని ఊరుకుంది. ఊరుకోవడమే కాదు, ఒంటరిగా వెళ్తున్నారు, ఒంట్లో ఓపిక ఉండాలని నాలుగు ముద్దలు ఎక్కువ పెట్టడం మొదలెట్టింది. పొద్దున వేపుళ్లు, సాయంత్రం మిఠాయి, పడుకోబోయే ముందు గ్లాసుడు మీగడపాలు. ముప్పై ఏళ్ల కాపురంలో ఇంత ప్రేమ చూడని మాస్టారు కళ్లు మూసుకుని తిన్నాడు. కళ్లు తెరిస్తే బిగుసుకుపోతున్న బెల్టు కనిపించేది.

మూడు వారాలు గడిచాయి. నాలుగో ఆదివారం ఆవిడ కూడా గట్టుదాకా వచ్చి, అద్దె పడవల దగ్గర తమ్ముడి పక్కన కూర్చుంది. మాస్టారు ఒక్కడే పడవెక్కాడు. గంట మోగింది.

"బరువు ఎక్కువైంది. చివరగా ఎక్కినవారు దయచేసి దిగండి."

ఎక్కింది ఆయనొక్కడే. ముందు టిఫిను డబ్బా గట్టుమీద పెట్టాడు. గంట ఆగలేదు. మంచినీళ్ల సీసా, బూట్లు, స్క్రూడ్రైవర్ల సంచీ. ఆగలేదు. చివరికి తెడ్లు రెండూ దించాడు. మోటారుండగా తెడ్లెందుకు. గంట ఆగింది. ఊపిరి కూడా సగమే పీల్చుకుని వెళ్లిపోయాడు.

అరగంటకి గాలం వంగింది. వంగిన గాలం మళ్లీ లేవలేదు. లాగితే అటునుంచి ఎవరో లాగుతున్నారు. పావుగంట కుస్తీ పట్టాక ఆరేడు కిలోల చేప పడవలోకి వచ్చి పడింది. తొమ్మిదేళ్లుగా ఆయనకి పడినవాటన్నిటినీ కలిపి తూచినా దీని తోకకి సరిపోవు. ఆనందంతో రిమోటు నొక్కాడు.

"బరువు ఎక్కువైంది. చివరగా ఎక్కినవారు దయచేసి దిగండి."

చివరగా ఎక్కింది చేప.

చేప వంక చూశాడు. చేప ఆయన వంక చూసింది. ఇద్దరిలో ఎవరికీ దిగే ఉద్దేశం లేదు. పెట్టె విప్పుదామంటే సంచీ గట్టున ఉంది. తెడ్లు గట్టున ఉన్నాయి. చేపని వదిలేస్తే వెళ్లిపోవచ్చు, కానీ తొమ్మిదేళ్లకి దక్కిన ఫలం. గట్టుమీదున్న ఆవిడకి ఫోను చేశాడు.

"కంగారు పడకండి," అంది ఆవిడ. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకి ఆయన ఫోనులో చెప్పే ముక్కలు ఆవిడకి కంఠతా వచ్చు. "మెల్లగా ఊపిరి తీసుకోండి. తలుపులు బలవంతంగా తెరవకండి. మనిషిని పంపిస్తున్నాం."

ఆ మనిషి ఎవరో మాస్టారికి చూడకుండానే తెలిసింది. దూరం నుంచే వినపడుతున్నాడు.

నాన్‌స్టాప్ అద్దె పడవలో తెడ్లు వేసుకుంటూ వచ్చాడు. చేపని నీ పడవలో పట్టుకెళ్లమని మాస్టారు అందించబోతే తీసుకోనన్నాడు.

"చేపని తెమ్మనలేదు బావా. నిన్ను తెమ్మంది అక్క."

మాస్టారు ఆ పడవలోకి దిగాడు. గంట ఆగింది. నాన్‌స్టాప్ రిమోటు ఆయన మెడలోంచి తీసి నొక్కాడు. తలుపులు మూసుకుంటున్నాయని చెప్పి, కరెంటు పడవ చేప ఒక్కదాన్నే ఎక్కించుకుని రాణీగారి ఊరేగింపులా ముందు సాగింది. వెనక తెడ్ల పడవలో, నాలుగు ఆదివారాలుగా బాకీపడ్డ కలలన్నీ ఒక్కొక్కటే వింటూ మాస్టారు.

చేప గట్టు చేరేసరికి జనం చప్పట్లు కొట్టారు, ఫోటోలు తీశారు. మాస్టారు చేరేసరికి అందరూ వెళ్లిపోయారు. ఆవిడ మాత్రం ఉంది. ఆ పెట్టె రిపేరుకి వచ్చిన ఏడాది ఆ అమ్మాయి నెల రోజులు మన భోజనాల బల్ల మీదే మాట్లాడింది, ఆ మాటలు తమ్ముడి నోట వింటే నేను గుర్తుపట్టననుకున్నారా అని మెల్లగా అడిగింది. మాస్టారు బూట్లు వెతుక్కునే నెపంతో తల వంచుకున్నాడు.

"ఏమైనా మంచి మోటారే తెచ్చారండీ. ఎవర్ని దింపాలో దానికి బాగా తెలుసు."

అదీ సంగతి. మీకు బావమరిది ఉంటే ఈ కథ ఆయనకి మాత్రం పంపకండి, నాలుగు ఆదివారాలు దాని గురించే మాట్లాడతాడు. మీలాంటి ఇంకో బావకి పంపండి. ఇక ఉంటాను, మా ఆవిడ భోజనానికి పిలుస్తోంది. ఈమధ్య ఎందుకో బాగా కొసరి కొసరి పెడుతోంది.