మరపు లేని గుడ్లగూబ

ఒక పెద్ద అడవిలో, అడవికి తగ్గ పెద్ద ఆసుపత్రే ఉండేది. అక్కడ ఎక్స్‌రే ఫిల్ములు చదివే పని గుడ్లగూబది. అంతంత కళ్లున్నదానికి కనిపించనిది ఏముంటుందని అందరి నమ్మకం. ఇలాంటి నమ్మకాలు జంతువులకే ఉంటాయనుకోకండి.

గుడ్లగూబకు ప్రత్యేక శిక్షణ ఇచ్చింది డైరెక్టరు నక్క. ఏడాది తిరిగేసరికి పై అధికారి ఏనుగు తనిఖీకి వచ్చింది.

"నేర్పింది దీనికి గుర్తుందో లేదో పరీక్ష పెట్టవయ్యా," అంది.

గుడ్లగూబ తప్పితే నక్క కుర్చీకే ఎసరు. అందుకని శిక్షణలో వాడిన పాత ఫిల్ములనే దుమ్ము దులిపి తెచ్చింది.

గుడ్లగూబ వాటిని వెలుతురుకైనా పెట్టి చూడలేదు.

"మూల చిరిగిందా? తాబేలు, ఊపిరితిత్తిలో మచ్చ. టీ మరక ఉందా? అడవిపంది, పక్కటెముక విరిగింది."

"ఆహా! ఒక్కటి మర్చిపోతే ఒట్టు!" అని ఏనుగు పొంగిపోయింది. నక్కకు సన్మానం ప్రకటించింది.

మర్నాడు జింక దగ్గుతున్న పిల్లను తీసుకొచ్చింది. గుడ్లగూబ ఆ ఫిల్మును అటూ ఇటూ తిప్పి, "చిరుగు లేదు, మరక లేదు. నీ పిల్లకు రోగమే లేదమ్మా," అంది.

"సరిగ్గా చూడండయ్యా, రాత్రంతా నిద్ర లేదు దానికి," అని జింక బతిమాలింది.

"నూటికి నూరు తెచ్చుకున్న డాక్టరుకే చెప్పొచ్చావా? నడువ్!" అని నక్క గదిమింది. జింక ఏడుస్తూ వెళ్లిపోయింది. సిగ్గులేని ఆసుపత్రి!

సన్మానం విందులో నక్క గొంతుకు ఎముక అడ్డం పడింది. మాట పెగల్లేదు. మోసుకెళ్లి ఎక్స్‌రే తీశారు. ఆ హడావిడిలో ఎవరిదో టీ ఫిల్ము మీద ఒలికింది.

గుడ్లగూబ ముఖం వెలిగిపోయింది. "పక్కటెముక విరిగింది. కట్టు బిగించండి!"

నక్క కళ్లు తేలేస్తూ గొంతు చూపించింది.

"పాపం, నొప్పికి ఓర్చుకోలేకపోతోంది. ఇంకాస్త బిగించండి!"

బిగించారు. కాసేపటికి నక్క సైగలు ఆగిపోయాయి.

సంతాప సభలో ఏనుగు కళ్లు తుడుచుకుంది. "ఎంత గొప్ప గురువు! నేర్పిన పాఠం చివరి ఊపిరిదాకా శిష్యుడు మరవలేదు." ఆ వేదిక మీదే గుడ్లగూబను డైరెక్టరును చేసింది.

నీతి: నేర్చిన విద్య చెక్కుచెదరకుండా ఉండాలంటే, కొత్త రోగిని గడప తొక్కనివ్వకూడదు.