షుగరమ్మకు సీమంతం

గర్భిణికి షుగరు రావడాన్ని మించిన అదృష్టం ఉందా చెప్పండి! నవ్వకండి. నమ్మకపోతే ఎమ్మిగనూరు పద్మను అడగండి.

పెళ్ళయిన రెండేళ్ళలో ఆమెను "తిన్నావా?" అని అడిగిన మనిషి లేడు. ఆరో నెలలో ఆదోని డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, ఇది గర్భంతో వచ్చిన షుగరని తేల్చింది. కొలిచి తినమంది, తీపి మానమంది, రోజూ ఇన్సులిన్ వేసుకోమంది. అంతే! సాయంత్రానికల్లా వీధి వీధంతా ఆసుపత్రి అయిపోయింది. ఫీజు లేకుండా ఇంతమంది స్పెషలిస్టులు హైదరాబాదులోనైనా దొరుకుతారా?

పక్కింటి కమలమ్మ మెంతుల నీళ్ళు తెచ్చింది. ఎదురింటామె కాకర రసం తెచ్చింది. అత్త ఉచ్చీరమ్మ ఏకంగా ఇన్సులిన్ సంగతే తేల్చేసింది.

"సూది పొడిస్తే కడుపులో బిడ్డకు తగల్దా? వద్దులే పాపా."

భర్త శివకుమార్ తల్లి మాటకు ఎదురు చెప్పే రకం కాదు, ఫోనులోంచి తలెత్తే రకం అసలే కాదు. పాపం పద్మ, తలుపేసుకుని దొంగతనంగా సూది వేసుకోవడం నేర్చుకుంది.

ఇక తీపి! మంత్రాలయం పోయొచ్చిన జయరాం చిన్నాయన ప్రసాదం పొట్లం విప్పాడు. "స్వామి ప్రసాదం పాపా, దీంట్లో షుగరు యాడుంటాది?" నిజమే! ఇంత చిన్న సంగతి డాక్టర్లకు ఏ కాలేజీలోనూ చెప్పరు. ఏం చదువులో ఏమో!

ఎనిమిదో నెల స్కానింగులో బిడ్డ ఉండాల్సిన దానికంటే లావుగా కనిపించింది. "ఇట్లే పెరిగితే కాన్పు కష్టమవుతుంది, పుట్టగానే బిడ్డకు షుగరు పడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది" అని డాక్టరమ్మ మండిపడింది. ఉచ్చీరమ్మ చెవికి మాత్రం "లావు" అన్న ఒక్క ముక్కే ఎక్కింది. బస్సు దిగింది మొదలు కనబడినవాళ్ళకల్లా అదే కబురు. "మా బిడ్డ గుండులా ఉందంట!"

ఆ సంబరంలోనే తొమ్మిదో నెలలో సీమంతం. చలిమిడి ముద్దలు, బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు. వచ్చిన ప్రతి ముత్తయిదువా తన చేత్తో ఒక ముద్ద నోట పెట్టాలట. కడుపుతో ఉన్న మనిషి వద్దనకూడదట!

మామ నాగప్పకూ షుగరే, పదేళ్ళ నాటిది. ఆయనకు కొర్రన్నం వేరే వండుతారు. ఇన్సులిన్ కూడా పొద్దున్నే ఉచ్చీరమ్మే స్వయంగా పొడుస్తుంది. ఆరోజు ఆయన ఆశపడి ఓళిగ మీద చెయ్యి వేశాడు. ఉచ్చీరమ్మ గబుక్కున లాక్కుంది.

"సచ్చిపోతావా యేంది? షుగరు పెట్టుకోని ఎవరన్నా తీపి తింటారా!"

అని, అదే ఓళిగను, అదే చేత్తో, పద్మ నోటికి అందించింది.

పద్మ ఆ చెయ్యి పట్టుకుంది. "అత్తా, మామది షుగరు. మరి నాది?"

"నీది కాన్పుతోనే పోతాది కదా పాపా!"

"కాన్పు దాకా నేనూ బిడ్డా బతకాల కదత్తా."

పద్మ పీట మీంచి లేచి, తన సూది తెచ్చి అందరి ముందూ అత్తకు అందించింది. "మామకు పొడిచే చేత్తోనే నాకూ పొడువు." ఉచ్చీరమ్మ ఓళిగ కింద పెట్టి సూది అందుకుంది.

కాబట్టి ప్రభుత్వం వారికి నాదొక మనవి. గర్భిణులకు షుగరు వస్తే, కాన్పయ్యే దాకా వాళ్ళను ఆ ఇంటి మామగార్లుగా ప్రకటించండి. మిగతా వైద్యమంతా ఇంట్లోవాళ్ళే చూసుకుంటారు.